ఫలహారములో ఫలమేది?

తెలుగు వాడుకలో కొన్ని మాటలు నిలిచియుండగా వాని లోపలి వస్తువు జారిపోయినది. "ఫలహారము" అట్టి మాట. ఇది "ఫలాహారము" నుండి వచ్చినది. పండ్లతో చేయు తేలిక ఆహారమని దాని అర్థము. శనివారము రాత్రి అన్నము మానినవారు ఫలహారము చేసితిమని నేటికిని చెప్పుదురు. పళ్లెములో చూచినచో రెండు అట్లో, నాలుగు ఇడ్లీలో, కొంత ఉప్మాయో ఉండును. ఫలము మాత్రము ఉండదు. సాయంకాలము ఇంటికి వచ్చిన చుట్టమునకు పెట్టు ఫలహారము సంగతి ఇంకను వేరు. పకోడీలు, జంతికలు, అంగడిలో కొన్న మిక్చరు, క్రీము బిస్కట్లు, వాని ప్రక్కన చక్కెర వేసిన టీ. నూనె, పిండి, ఉప్పు, చక్కెర నాలుగును కలిసి ఫలము పేరు పెట్టుకొని ఇంటింట తిరుగుచున్నవి.

మరి పండు ఎక్కడికి పోయినది? దేవుని యెదుటికి పోయినది; రోగి మంచము ప్రక్కకు పోయినది. గుడికి పోవువారు అరటిపండ్లు కొందురు. ఆసుపత్రికి పోవువారు బత్తాయిలు, ఆపిల్ పండ్లు కొందురు. ఈ రెండును మంచి ఆచారములే. కాని రోగి లేచి తిరుగుట మొదలుపెట్టిన దినముననే ఆ ఇంటికి పండ్ల సంచి వచ్చుట ఆగిపోవును. జబ్బు పడినవానికి బలమిచ్చునని నమ్మిన వస్తువును జబ్బు పడకముందే ఏల తినరాదని ఎవరును అడుగరు. పైగా జామ తినినచో జలుబు చేయునని, బాలింతకు పండ్లు చలువ చేయునని పెద్దలు అడ్డు చెప్పుదురు. ఈ నమ్మకములకు వైద్యశాస్త్రములో ఆధారము లేదు. బాలింతకు పండ్లు వలదనుట వలన కలుగు నష్టము మాత్రము నిజమైనది.

ఆహారమును గూర్చిన పరిశోధన ఈ దేశమునకు క్రొత్త కాదు. 1918లో కూనూరులో సర్ రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి విచారణకై ఆరంభించిన చిన్న పరిశోధనశాలయే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. భారత వైద్య పరిశోధనా మండలి పక్షమున ఈ సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శక సూత్రములలో ఒక లెక్క ఉన్నది. దినమునకు 2000 కిలోకేలరీల ఆహారము తీసికొను వ్యక్తి పళ్లెములో కూరగాయలు, ఆకుకూరలు కలిసి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండవలెనని దాని సారాంశము. 100 గ్రాములనగా ఒక మధ్యస్థమైన జామపండు. అంత చిన్న లెక్క. అయినను ఇంటిల్లిపాదికిని దినమునకొక్కటి చొప్పున జామపండైనను దక్కుచున్న ఇండ్లు ఎన్ని?

పండ్లు తినుడని చెప్పి ఊరకొనుట వలన ఫలితము లేదు. ఆ మాట విని విని అందరికిని విసుగు పుట్టినది. పండు నిత్యపు పళ్లెములోనికి రావలెనన్నచో దానికి అక్కడ ఒక స్థానము కావలెను, వంటింటిలో ఒక పద్ధతి కావలెను. అట్టి పద్ధతి ఒకటి ఉన్నది: పండును చీల్చి గాని తొలిచి గాని, దానిలో ఉడికిన పప్పుధాన్యమునో వేయించిన గింజలనో కూరి, భోజనమునకు ముందో సాయంకాలపు వేళనో మనిషికొకటి చొప్పున వడ్డించుట. కారపుదైనను సరే, తీపిదైనను సరే. వినుటకు ఇది విందులలోని వినోదమువలె తోచవచ్చును. నిజమునకు ఇది రక్తహీనతకు, ఇంటి ఆడువారి పాలికి సంబంధించిన విషయము.

పండులో కూరుట పరదేశపు వంట కాదు. ఢిల్లీ పాతనగరములో చావ్డీ బజారు ప్రాంతమున "కులియా చాట్" అని ఒకటి అమ్ముదురు. కులియా అనగా చిన్న మట్టిముంత. ఇక్కడ ముంత పనిని పండే చేయును. ఆపిల్, అరటి, టమాట, దోస, ఉడికిన బంగాళాదుంప, చిలగడదుంప మొదలగువానిని చిన్న గిన్నెలవలె తొలిచి, ఉడికిన శనగలు, దానిమ్మ గింజలు, అల్లపు తరుగు నింపి, మసాలా చల్లి నిమ్మరసము పిండి చేతికిత్తురు. తీపి, పులుపు, కారము ఒకే ముద్దలో నాలుకకు తగులును. గుజరాతువారు చిన్న అరటిపండ్లను నిలువున చీల్చి, శనగపిండి, కొబ్బరి, కొత్తిమీర కూరి కూర వండుదురు. మలబారు తీరమున ముస్లిముల ఇండ్లలో రంజాను సాయంకాలములందు "ఉన్నక్కాయ" అను వంటకమునకు పేరెక్కువ. పండిన నేంద్ర అరటిని ఆవిరికి ఉడికించి, మెదిపి, నడుమ కొబ్బరి, జీడిపప్పు, ఎండుద్రాక్షలు పెట్టి బూరుగుకాయ ఆకారమున చుట్టుదురు. ఆ పేరును ఆ ఆకారమును బట్టి వచ్చినదే. దానిని నూనెలో దేవుట మాత్రము మెచ్చుకొనదగినది కాదు. పెనముమీద ఒక చెంచా నేతితో కాల్చినను రుచి చెడదు.

ఇక తెలుగు గృహిణికి కూరుట యను విద్యను ఎవరును నేర్పనక్కరలేదు. గుత్తివంకాయను తొడిమ తెగకుండ నాలుగు చీలికలు చేసి కారము పెట్టుట ఆమె చేతికి అలవాటైన పని. (శాస్త్రదృష్టితో చూచినచో వంకాయయు ఫలమే, కాని ఆ వాదము పెట్టుకొని పండ్లు మానుటకు వీలు లేదు.) బడి గేటు వద్దను, బస్సుస్టాండులోను బండివాడు జామకాయను అదే విధముగా నాలుగు చీలికలు చేసి, నడుమ ఉప్పుకారము రాచి ఇచ్చుట చూడని తెలుగు పిల్లవాడు లేడు. గుత్తివంకాయ చేయు చేయియు, బండిమీది జామకాయయు ఒక వంటింటిలో కలిసికొనుటయే మిగిలినది. ఉప్పుకారము ఉన్నచోట కొమ్ముశనగలు చేరవలెను.

శనగలే ఏల? 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల వయసు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. అదే వయసు పురుషులలో నూటికి 25 మందికి ఉన్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల స్త్రీల స్థితి దేశపు సగటుకంటె మెరుగు కాదు. రక్తహీనతకు కారణములు పెక్కు. కొంకిపురుగులు, అధిక ఋతుస్రావము, వెంటవెంట కాన్పులు, కొన్ని విటమినుల లోపము వానిలో చేరును. అయితే ఇనుము చాలకపోవుట వానిలో ముఖ్యమైనది. పప్పులలోను ఆకుకూరలలోను ఇనుము కలదు గాని, మాంసములోని ఇనుమువలె అది సులభముగా ఒంటబట్టదు. ధాన్యములలోను పప్పులలోను ఉండు ఫైటేట్లు అను పదార్థములు దానిని పట్టియుంచును. అదే ముద్దలో విటమిన్ సి కలిసినచో ఆ పట్టు సడలి, ఇనుము రక్తములోనికి చేరుట సుగమమగును. 100 గ్రాముల జామపండులో విటమిన్ సి సుమారు 200 మిల్లీగ్రాములు ఉండును. ఇది పెద్దవారికి ఒక దినమునకు కావలసినదానికి రెండింతలకు మించినది. ఆసుపత్రికి గౌరవముగా తీసికొనిపోవు ఆపిల్‌లో అందు ఇరువదవ వంతైనను ఉండదు. కనుక శనగలను జామలో కూరుట అలంకారము కాదు. తాళమున్న చోటనే తాళపుచెవి పెట్టుట.

టీ ఈ పనికి అడ్డు వచ్చును. టీలోని వగరు పదార్థములు ఇనుమును కలిసికొని దానిని ఒంటబట్టనీయవు. అందువలననే పైన చెప్పిన 2024 సూత్రములు భోజనమునకు ఒక గంట ముందును, ఒక గంట తరువాతను టీ, కాఫీలు మానుమని చెప్పినవి. వచ్చినవారికి టీ ఇచ్చుట మర్యాదగా స్థిరపడినది. దానిని కాదనుట కష్టము. చుట్టము వచ్చి కూర్చుండగానే మొదట పండు ఇచ్చి, మాటలు సాగిన పిదప గంటకు టీ ఇచ్చినచో మర్యాదయు దక్కును, ఇనుమును దక్కును. తొందరలో ఉన్న చుట్టము టీ త్రాగకయే లేచిపోవచ్చును. అది అంత పెద్ద లోపము కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. రక్తహీనత ఉన్నదని వైద్యుడు చెప్పినవారు పండ్లతో శనగలతో సరిపెట్టుకొనరాదు. 2018లో ఆరంభమైన "అనీమియా ముక్త్ భారత్" కార్యక్రమము క్రింద గర్భిణులకు, బాలింతలకు, బాలబాలికలకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము మాత్రలు ఇచ్చుచున్నారు. ఆ మాత్రలు మ్రింగవలసినదే. వానిని టీతో గాక నిమ్మరసముతోనో పండుతోనో మ్రింగుట మేలు.

పది మధ్యస్థపు జామపండ్లకు ఒక గ్లాసు కొమ్ముశనగలు చాలును. రాత్రి నానబోసి, ఉదయము ఆ నీరు పారబోసి, వేరు నీటిలో వ్రేళ్ల నడుమ నలుగునంత మెత్తగా ప్రెషర్ కుక్కరులో ఉడికించవలెను. మొలకలు వచ్చినవైన ఇంకను మంచిదే. కాని పచ్చి మొలకలలో సూక్ష్మజీవులు పెరుగు అవకాశమున్నది గనుక వానినికూడ ఉడికించియే వాడవలెను. చల్లారిన శనగలలో సన్నగా తరిగిన అల్లము, ఒకటి రెండు పచ్చిమిరపకాయలు, గుప్పెడు కొత్తిమీర, వేయించి దంచిన జీలకర్ర, ఉన్నచో కొన్ని దానిమ్మ గింజలు కలిపి నిమ్మరసము పిండవలెను. ఉప్పు పదింటికిని కలిపి అర చిన్నచెంచా. అంతకు మించి వలదు. పెద్దవారికి దినమునకు 5 గ్రాములకంటె తక్కువ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అనగా ఒక చిన్నచెంచా కూడ నిండదు. పులుపు, కారము, జీలకర్ర వాసన ఉన్నచోట ఉప్పు తగ్గినను నాలుక గమనింపదు. చాట్ మసాలా పొట్లములలోను నల్లుప్పు ఉండును గనుక అది చల్లువారు ఉప్పును అంతమేరకు తగ్గింపవలెను.

జామపండు మరీ మెత్తబడినది కాక, ఒత్తినచో కొంచెము లొంగునది ఎంచుకొనవలెను. పైభాగమున మూతవలె కోసి, చెంచాతో గింజల గుజ్జును తీసి, అడుగున చిల్లి పడకుండ గిన్నెగా చేయవలెను. తొక్క తీయరాదు, పీచు, విటమినులలో మంచి భాగము తొక్క దగ్గరనే ఉన్నవి. ఒక్కొక్క పండులో రెండు చెంచాల శనగలు పట్టును. మూత తిరిగి పెట్టిన వడ్డనకు అందము. పండ్ల ధర పెరిగిన దినములలో ఇదే కూరును గట్టి టమాటలలో పెట్టవచ్చును. టమాటలో విటమిన్ సి జామలో ఉన్నంత లేకున్నను, పైన పిండిన నిమ్మరసము ఆ లోటును కొంత తీర్చును.

అయితే ఈ పద్ధతిని ముఖ్యముగా సమర్థింపదగిన కారణము విటమినులలో లేదు, లెక్కలో ఉన్నది. పండ్లు ముక్కలుగా కోసి పళ్లెములో పెట్టినచో ఏమగునో అందరికిని తెలిసినదే. మొదట అతిథి, తరువాత ఇంటి పెద్ద, తరువాత పిల్లలు. ముక్కలకు లెక్క లేదు గనుక ఎవరు ఎన్ని తినినది ఎవరికిని తెలియదు. కోసిన ఇల్లాలికి మిగులునది తొడిమలు, తొక్కలు, కడుగవలసిన పళ్లెము. "నాకు వద్దు, మీరు తినండి" అని ఆమెయే అనును. అందరును నమ్ముదురు; నమ్ముట సులభము. కూరిన పండునకు లెక్క ఉన్నది. ఇంటిలో ఏడుగురున్నచో ఏడు పండ్లు. పళ్లెములో ఒకటి మిగిలినచో అది ఎవరిదో అడుగకయే తెలియును. కోడలు తినలేదని అత్తగారికి కనబడును. "అమ్మా, నీది అట్లే ఉన్నది" అని పిల్లవాడు అనును. రక్తహీనత యెక్కువగా ఉన్నది స్త్రీలలో; పెక్కు ఇండ్లలో చివర తినువారును వారే. ఈ రెండు మాటలను ఒకచోట పెట్టి చూచినచో, పళ్లెములోని పండ్లకు లెక్క ఉండుట ఎంత అవసరమో బోధపడును. వరుస మార్చుడని ఎన్ని ఉపన్యాసములు చెప్పినను వినని ఇండ్లలో కూడ, పళ్లెములో మిగిలిన ఒక్క పండు కొంత పని చేయగలదు.

దీనికి ఒక నియమము పాటింపవలెను. పండ్లు కొనునపుడు ఇంటిలోని తలలన్నియు, వండునామెతో సహా, లెక్కపెట్టవలెను. అంతియే కాదు, రెండు అదనముగా చేయుట మేలు. అనుకొనని చుట్టము వచ్చినచో మొదట తన పండు వదలుకొనునది ఆమెయే. ఇంటిలో పనిచేయు మనిషి ఉన్నచో ఆమె తలయు ఆ లెక్కలోనిదే.

తీపి విషయమునకు వచ్చినచో ఖర్జూరమును మించిన పండు లేదు. చీల్చి గింజ తీసినంతనే దానిలో కూరుటకు చోటు సిద్ధముగా ఉండును. రంజాను మాసమున హైదరాబాదు బజారులలో రకరకముల ఖర్జూరములు దొరకును. బాదముపప్పు పెట్టినవియు అమ్ముదురు. ఖర్జూరము రక్తము పట్టించునను నమ్మకము ప్రజలలో గాఢముగా ఉన్నది. ఇక్కడ నిజము చెప్పవలెను. ఒకటి రెండు ఖర్జూరములలో లభించు ఇనుము మిక్కిలి స్వల్పము. వానిలో ముఖ్యముగా ఉన్నది చక్కెర. ఖర్జూరము గుణము కొంతవరకు దానిలో కూరిన వస్తువును బట్టి యుండును. నువ్వులు దోరగా వేయించి, వేయించి పొట్టు తీసిన వేరుశనగలతో కచ్చాపచ్చాగా దంచి, ఒక యేలకకాయ వేసి, ఆ పొడిని ఖర్జూరములో అదిమి పెట్టవలెను. బెల్లము గాని చక్కెర గాని వేయరాదు; పండే తీపి. నువ్వులలో ఇనుము, కాల్షియము రెండును ఉన్నవి. బాదము కొనలేని ఇంటికి నువ్వులు, వేరుశనగలు ఏ విధముగను తక్కువ కావు. బూజు పట్టిన, చేదెక్కిన, ముడుతలు పడిన వేరుశనగ గింజలను మాత్రము ఏరి పారవేయవలెను. బూజు నుండి పుట్టు అఫ్లటాక్సిన్ అను విషము కాలేయమునకు హాని చేయును. వేయించినంత మాత్రమున అది పోదు. మనిషికి రెండు ఖర్జూరములు చాలును.

అరటిపండ్లలో చిన్న రకములు దీనికి తగినవి. తొక్కతోనే నిలువున ఒక గాటు పెట్టి, పుట్నాల పొడి, కొబ్బరి తురుము, కొత్తిమీర, కొంచెము కారము కలిపి కూరి, ఇడ్లీపాత్రలో తొక్క నల్లబడువరకు ఆవిరి పెట్టినచో తీపికారములు కలిసిన ఫలహారమగును. వేడిగా తినవలెను, చల్లారినచో జిగురెక్కును.

కోసిన పండును గూర్చి ఎంత చెప్పినను తక్కువే. తొక్క ఉన్నంతవరకు పండు తన్ను తాను కాపాడుకొనును. కత్తి తగిలిన క్షణమునుండి ఆ కాపుదల పోవును. కనుక పండ్లను కోయుటకు ముందే, తొక్క తీసి పారవేయునవైనను, ధారగా పడు మంచినీటిలో చేతితో రుద్ది కడుగవలెను. సబ్బు పండ్లకు వలదు; చేతులకు కావలెను. మాంసము, చేపలు కోసిన కత్తిపీటను గాని పలకను గాని కడుగకుండ పండ్లకు వాడరాదు. కూరిన పండ్లను మూతపెట్టి, రెండు గంటలలోపల తినివేయవలెను. మండు వేసవిలో ఒక గంటయే గడువు. ముందుగా సిద్ధపరుపదలచినవారు శనగలను, పండ్లను వేరువేరుగా ఫ్రిజ్‌లో ఉంచి వడ్డనకు ముందు కూరవలెను. వీధిలో కోసి ఈగల నడుమ ఉంచిన ముక్కలు కొనుటకంటె పండు మానుటయే మంచిది. అరటి, మామిడి పండ్లను కాల్షియము కార్బైడుతో మగ్గబెట్టుటను ఆహార భద్రతా నిబంధనలు నిషేధించినవి. తెలిసిన అంగడిలో కొనుటయు, కాలానుగుణమైన పండ్లనే కొనుటయు కొంత రక్షణ.

అయిదేండ్లలోపు పిల్లలకు శనగలను, గింజలను యథాతథముగా పెట్టరాదు. గొంతులో అడ్డుపడు ప్రమాదమున్నది. మెదిపి, పొడి చేసి పెట్టవలెను. తీపికై తేనె కలుపువారు ఏడాది నిండని శిశువులకు దానిని నాకింపరాదు. మధుమేహము ఉన్నవారి సంగతి వేరుగా చెప్పవలసి యున్నది, ఏలయనగా వారు కొద్దిమంది కారు. 2023లో ప్రచురింపబడిన ఒక జాతీయ అధ్యయనము దేశములో 10 కోట్లకు మించినవారు మధుమేహముతో ఉన్నారని అంచనా వేసినది. వారికి శనగలు నింపిన జామపండు మంచిదే. పీచు వలన చక్కెర మెల్లగా రక్తములోనికి చేరును. ఖర్జూరములు వారికి తగవు. మూత్రపిండముల వ్యాధి ఉన్నవారు ఏ పండు ఎంత తినవచ్చునో వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

పండ్లు ధనికుల ఆహారమను ఆక్షేపణ ఒకటి ఉన్నది. దూరపు పర్వతముల నుండి వచ్చు ఆపిల్‌ను దృష్టిలో పెట్టుకొనినచో అది కొంత నిజము. పెరటి జామను, పొలము గట్టుమీది రేగును, సంతలోని అరటిని దృష్టిలో పెట్టుకొనినచో అంత నిజము కాదు. క్రీము బిస్కట్ల పొట్లము, మిక్చరు పొట్లము, చక్కెర, టీపొడి కలిపి లెక్క వేసి చూచుట ప్రతి ఇంటివారును చేయగలిగిన పనియే. రెండవ ఆక్షేపణ బలమైనది: తొలుచుట, కూరుట పని పెంచును, ఆ పని మరల ఇల్లాలిమీదనే పడును. ఇది కాదనరానిది. కాని పకోడీవలె ఇది పొయ్యి దగ్గర నిలిచి చేయవలసినది కాదు. శనగలు ఉడికిన పిదప మిగిలినదంతయు కూర్చుండి చేయు పని. పదేండ్ల పిల్లవాడు చెంచాతో జామగుజ్జు తీయగలడు, పత్రిక చదువుకొను ఇంటి పెద్ద ఖర్జూరపు గింజలు తీయగలడు. వారిని పిలువవలెను. పిలువనిదే రారు.

తీసిన జామగుజ్జును పారవేయనక్కరలేదు. జల్లెడలో అదిమి గింజలు వేరుచేసి, పెరుగులో కలిపి, ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు తిరుగమోత పెట్టినచో రాత్రి భోజనములోనికి పెరుగుపచ్చడి అగును. పది పండ్ల గుజ్జు ఇంటిల్లిపాదికిని సరిపోవును.